‘దుర్మార్గం’ అనే మాటను సరిగ్గా వాడటం ఎలా

మా అక్క కూతురు డాలస్‌లో ఉంటుంది. పదకొండేళ్లు, శనివారాలు తెలుగు క్లాసుకి వెళ్తుంది. మొన్న వీడియో కాల్‌లో "మామయ్యా, దుర్మార్గం అంటే గుంతల రోడ్డా?" అని అడిగింది. పడీ పడీ నవ్వాను గానీ, ఆలోచిస్తే దాని తప్పేమీ లేదు. దుర్ అంటే చెడ్డ, మార్గం అంటే దారి అని టీచరమ్మ చెప్పింది, ఇది రెండూ కలుపుకుంది, పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు మా ఊరి రోడ్డు ఎలాగూ చూసింది, లెక్క సరిపోయింది.

అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకే డౌటొచ్చింది, రోజుకి నాలుగుసార్లు నోట్లోంచి వచ్చే మాట, దీన్ని నేనైనా సరిగ్గా వాడుతున్నానా అని. వాడటం లేదని ఒకసారి అందరి ముందూ తెలిసొచ్చింది కూడా, ఆ కథ కింద చెప్తాను. ఫిర్యాదు రాసేవాళ్లు, అనువాదం చేసేవాళ్లు, పిల్లలకి తెలుగు నేర్పేవాళ్లు, వాట్సాప్ గ్రూపులో కోపంగా టైప్ చేస్తూ ఇంకా పంపకుండా ఆగినవాళ్లు, మీ అందరికీ ఇది పనికొస్తుంది.

1. ముందు మాటని రెండు ముక్కలు చేయండి

దుర్మార్గం సంస్కృతం నుంచి వచ్చి మన దగ్గర స్థిరపడిపోయిన మాట. ముందున్నది దుస్ అనే ఉపసర్గ, అంటే మాటకి ముందు తగిలించే ముక్క, వెనకున్నది మార్గం. ఈ దుస్ పక్కన ఏ అక్షరం ఉందో చూసి వేషం మారుస్తుంది. అచ్చు వచ్చినా, గ జ ద బ మ వ లాంటివి వచ్చినా దుర్ అవుతుంది: దురాశ, దుర్గుణం, దుర్జనుడు, దుర్బుద్ధి, దుర్వినియోగం. చ గానీ శ గానీ వస్తే దుశ్: దుశ్చర్య, దుశ్శకునం. క, ప, ఫ వస్తే దుష్: దుష్కర్మ, దుష్ప్రచారం, దుష్ఫలితం. స వస్తే దుస్ అలాగే ఉంటుంది: దుస్సాహసం. ఇదొక్కటి తలకెక్కితే ఫ్లెక్సీల మీద కనిపించే ‘దుశ్ప్రచారం’, ‘దుష్చర్య’ లాంటివి మీ చేతి నుంచి రావు. మనవాళ్లు దీన్ని అచ్చ తెలుగు మాటలకి కూడా తగిలించేసి దురలవాటు అన్నారు, వ్యాకరణం ఒప్పుకోకపోయినా అందరూ ఒప్పుకున్నారు, ఇప్పుడు దాన్ని ఎవరూ కదిలించలేరు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ ఉపసర్గకి చెడ్డ అనే అర్థం ఒక్కటే లేదు, కష్టమైన అని కూడా ఉంది. దుర్లభం అంటే చెడ్డ లాభం కాదు, దొరకడం కష్టం. దుర్గం అంటే శత్రువు చేరడం కష్టమైన చోటు, కోట. హైదరాబాద్‌లో దుర్గం చెరువు, అనంతపురం జిల్లాలో రాయదుర్గం, కళ్యాణదుర్గం, అన్నీ అలా వచ్చిన పేర్లే, అక్కడి జనం మీద నింద ఏమీ లేదు. దుర్యోధనుడంటే యుద్ధంలో గెలవడం కష్టమైనవాడు, దుశ్శాసనుడంటే అదుపులో పెట్టడం కష్టమైనవాడు. వాళ్లు చేసిన పనుల వల్ల ఆ పేర్లు చెడ్డవయ్యాయి గానీ పేరులోనే చెడు లేదు. కాబట్టి ‘దుర్’ కనిపించగానే చెడ్డ అని రాసేయకండి, ముఖ్యంగా అనువాదం చేసేవాళ్లు.

దుర్మరణం విషయంలో కూడా జాగ్రత్త. ‘రోడ్డు ప్రమాదంలో ఇద్దరు దుర్మరణం’ అంటే వాళ్లు చెడ్డవాళ్లని కాదు, రాకూడని విధంగా చావు వచ్చిందని. ఇక మన అరవై సంవత్సరాల పేర్లలో దుర్ముఖి ఉంది, 2016 ఉగాదితో మొదలైంది అది. దుర్మతి కూడా ఉంది. 1981 ఉగాదికీ 82 ఉగాదికీ మధ్య పుట్టినవాళ్లంతా దుర్మతి నామ సంవత్సరం వాళ్లే. మా చిన్నక్క ఆ బాపతు. ఏదైనా అంటే "నా తప్పేముంది, సంవత్సరమే అలాంటిది" అంటుంది.

దుష్ట అనే మాట కూడా ఈ ఉపసర్గతోనే పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాదు. దానిది వేరే పుట్టుక. దుష్ అనే ధాతువు, పాడవడం అని అర్థం, దోషం, దూషణ కూడా ఆ ఇంటివే. ఆయుర్వేదంలో మానని పుండుని దుష్టవ్రణం అంటారు, అక్కడ దుష్ట అంటే పాడైపోయిన అని మాత్రమే. ఇది ఎందుకు చెప్తున్నానంటే, దుష్టుడు అంటే లోపల పాడైపోయినవాడు, దుర్మార్గుడు అంటే చెడ్డ దారిలో నడిచేవాడు. మొదటిది స్వభావం, రెండోది నడక. వాడేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది.

2. వేరే దారి ఉందా అని అడగండి

అసలు కిటుకు ఇక్కడే ఉంది.

సన్మార్గం అనే మాటలో దారి ఇంకా మిగిలే ఉంది, ‘సన్మార్గంలో నడవాలి’ అంటాం. దుర్మార్గంలో ఆ దారి అరిగిపోయింది. ‘మా వాడు దుర్మార్గంలో పడ్డాడు’ అని ఎవరూ అనరు. తాగుడికి అలవాటు పడ్డవాణ్ని, పేకాటలో పొలం పోగొట్టుకున్నవాణ్ని పెడదారి పట్టాడంటాం, చెడుసావాసం పట్టాడంటాం. దుర్మార్గుడని మాత్రం అనం. అదే మనిషి తాగడానికి డబ్బుల కోసం పెళ్లాం మెడలో పుస్తెలు తెంచుకుపోతే, అప్పుడు ఆ మాట దానంతటదే వస్తుంది. పెడదారి పట్టినవాడు తను చెడతాడు, దుర్మార్గుడు ఎదుటివాణ్ని చెరుస్తాడు.

అందుకని మాట అనే ముందు మూడు విషయాలు చూసుకోండి. దానివల్ల ఇంకొకరికి నష్టం జరిగిందా. చేసినవాడికి అది తప్పని తెలుసా. తెలిసీ, వేరే దారి ఉండీ, ఇదే ఎంచుకున్నాడా. మూడింటికీ అవును అని వస్తే ధైర్యంగా అనండి. ఒక్కదానికి కాదని వచ్చినా వేరే మాట వెతుక్కోవాలి.

నేను ఇది చూసుకోకుండానే అనేశాను. పోయిన మే నెలలో ఒకరోజు పొద్దున్న ఆరున్నరకి మా అపార్ట్‌మెంట్‌లో కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ఏడింటికీ అంతే. మా నాన్నకి మందులు వేసుకునే టైము, పక్క ఫ్లాట్‌లో నెలల పసిబిడ్డ, పైన వాళ్లింట్లో చుట్టాలు. సెక్రటరీ గారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అంతకు ముందు వారమే ఆయన మెయింటెనెన్స్ కట్టనివాళ్లకి నీళ్లు కట్టేస్తానని గ్రూపులో బెదిరించి ఉన్నాడు, ఇంకేముంది, నాకు కథ మొత్తం అర్థమైపోయింది అనుకున్నాను. "ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న బిల్డింగ్‌లో ఎండాకాలం పొద్దున్నే నీళ్లు ఆపేయడం దుర్మార్గం. దుర్మార్గులు తప్ప ఇలాంటి పని చేయరు" అని కొట్టి పంపేశాను. పదమూడు మంది బొటనవేలు ఎత్తారు.

తొమ్మిదిన్నరకి గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. వైండింగ్ షాపు ముందు సిమెంటు అరుగు, దాని మీద విప్పేసిన సంపు మోటారు, నల్లగా మాడిన రాగి తీగ, పక్కన సగం తాగిన టీ గ్లాసు. రాత్రి వోల్టేజీ తేడా వచ్చి కాలిపోయిందట. ఆయన పొద్దున్న ఐదున్నరకే వాచ్‌మన్‌తో కలిసి దాన్ని ఊడదీసి, ఆటోలో వేసుకుని, షాపువాడి ఇంటికెళ్లి లేపి మరీ తెరిపించాడు. ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉండిపోయింది. ఫొటో కింద ఒక్క ముక్క రాయలేదు.

ఆ రోజు నేను రాయాల్సింది ‘నీళ్లు లేక ఘోరంగా ఉంది’ అని. ఘోరం పరిస్థితిని చెప్తుంది, ఎవరి మీదా వేలు పెట్టదు.

3. పక్క మాటలతో తూచండి

తెలుగులో చెడ్డ పనికి మాటల కరువు లేదు, ఎవరి వైపు నుంచి చూస్తున్నాం అన్నదే తేడా. అన్యాయం అంటే నష్టపోయినవాడి వైపు నిలబడి చెప్పే మాట, వాడికి దక్కాల్సింది దక్కలేదని. అందుకే చేసినవాడు ఎవరో తెలియకపోయినా, అసలు ఎవరూ లేకపోయినా అన్యాయం అనొచ్చు. ‘పాపం, అన్యాయంగా పోయాడు’, ‘తండ్రి పోయాక ఆ పిల్లలు అన్యాయమైపోయారు’. ఇక్కడ దుర్మార్గం పెట్టి చూడండి, ఒక్క వాక్యమూ నిలబడదు. దారుణం అనేది చూసినవాడి మాట, గుండె ఝల్లుమన్నదని చెప్పడం. దుర్మార్గం చేసినవాడి మీద తీర్పు.

పై వాక్యంలో ‘పాపం’ వచ్చింది చూశారా. నరకానికి పంపే మాట అది, మనం దాన్ని జాలికి వాడేసుకున్నాం. ‘పాపం చేశాడు’ అంటే నేరం, ‘పాపం, చేశాడు’ అంటే సాయం చేశాడని మెచ్చుకోలు. మధ్యలో ఒక్క కామా. తెలుగు నేర్చుకునేవాళ్లకి ఇది ముందే చెప్పండి, లేకపోతే చుట్టాలింట్లో ఇరుక్కుంటారు.

దౌర్జన్యం కొంచెం ఆగి చూడాల్సిన మాట. దుర్జనుడి గుణం దౌర్జన్యం, సుజనుడి గుణం సౌజన్యం, రెండూ ఒకే అచ్చులో పోసినవి. ‘ఈ కార్యక్రమం ఫలానావారి సౌజన్యంతో’ అని టీవీలో వింటాం కదా, దానికి సరిగ్గా ఎదురు మాట దౌర్జన్యం. కానీ వాడుకలో దానికి బలప్రయోగం అనే అర్థం గట్టిపడింది. మీద పడి కొట్టడం, ఇంట్లోకి జొరబడటం, పొలంలో అడ్డంగా కంచె వేయడం, ఇవి దౌర్జన్యం. చడీచప్పుడు లేకుండా తల్లి చేత వేలిముద్ర వేయించుకుని ఇల్లు రాయించుకున్న కొడుకు చేసింది దౌర్జన్యం కాదు, అక్కడ చెయ్యి లేవలేదు. అది దుర్మార్గం. నా లెక్కలో దౌర్జన్యం కంటే అదే బరువు.

అత్యాచారం దగ్గర చాలామంది తడబడతారు. అతి, ఆచారం కలిస్తే అత్యాచారం, హద్దు మీరిన నడవడి అన్నమాట. ఇవాళ తెలుగు పేపర్లో అత్యాచారం అంటే స్త్రీల మీద జరిగే లైంగిక నేరం, ఇంకో అర్థం ఎవరికీ తట్టదు. హిందీలో మాత్రం అత్యాచార్ అంటే పీడన, జులుం. హిందీ వార్తని తెలుగు చేసేవాళ్లు ఆ మాటని అలాగే దించేస్తే వార్తే మారిపోతుంది. అయితే పాత అర్థం తెలుగులో ఒకచోట బతికే ఉంది. 1989లో వచ్చిన చట్టాన్ని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అంటాం. నలుగురిలో కులం పేరుతో దూషించడం, భూమి లాక్కోవడం, సాంఘిక బహిష్కరణ, ఇలాంటివన్నీ దాని కిందకి వస్తాయి. జనం ఈ గందరగోళం ఎందుకని ‘అట్రాసిటీ కేసు’ అనేస్తున్నారు, నాకైతే అదే నయం అనిపిస్తుంది.

అఘాయిత్యానికి రెండు వైపులా పదును. ‘అఘాయిత్యానికి పాల్పడ్డాడు’ అంటే ఇంకొకరి మీద నేరం. ‘ఏ అఘాయిత్యం చేసుకుంటాడోనని భయంగా ఉంది’ అంటే తన ప్రాణానికి తనే హాని చేసుకుంటాడేమోనని. ‘చేయడం’, ‘చేసుకోవడం’ తేడా. అనువాదంలో ఈ ‘కొ’ ఒక్కటి జారిపోతే హతుడూ హంతకుడూ తారుమారవుతారు.

దుండగులు పేపరువాళ్ల సొత్తు. ‘గుర్తు తెలియని దుండగులు’ ఏటీఎం పగలగొడతారు, గొలుసు తెంపుకుపోతారు. పేరు తెలిసేదాకానే వాడు దుండగుడు, పేరు తెలిశాక నిందితుడు. మన ఇంట్లో, వీధిలో మనిషిని ఎవరూ దుండగుడా అని పిలవరు, పిలిస్తే నాటకంలా ఉంటుంది.

ఇక తేలిక వైపు. చిలిపి, కొంటె, తుంటరి, ఇవి ముద్దు మాటలు. పెంకి అంటే చెప్పింది వినని మొండి. పోకిరి, ఆకతాయి, జులాయి, ఇక్కడ ముద్దు తగ్గి విసుగు మొదలవుతుంది. నాకు పడనిది ఒకటుంది ఇక్కడ. అమ్మాయి కాలేజీకి వెళ్లే దారిలో నెలల తరబడి వెంటపడి, ఫోన్లు చేసి, బెదిరించినవాణ్ని కూడా పేపర్లు ఆకతాయి అనే రాస్తాయి. 2014లో ఆడపిల్లల్ని వేధించేవాళ్లని పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, మొదలైనప్పటి నుంచీ ‘ఆకతాయిల ఆటకట్టు’ అనే హెడ్డింగ్ ఎన్నిసార్లు చదివానో. వాడు చేసింది ఆటా? అలా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. పైన చెప్పిన మూడు ప్రశ్నలకీ అవునని జవాబు వచ్చే పని అది, దాన్ని మనం కిటికీ అద్దం పగలగొట్టిన పిల్లాడితో కలిపి కట్టేస్తున్నాం.

బరువు మాటల్లో కిరాతకం ఉంది. నేను వాడను. కిరాతులంటే అడవుల్లో బతికిన జనం, ఊళ్లో వాడు చేసిన హత్యకి వాళ్ల పేరెందుకు? వెధవ కూడా అంతే, విధవ నుంచి వచ్చిన తిట్టు. మొగుడు పోయినావిడని తిట్టుగా మార్చుకుని మగవాళ్లని తిడుతున్నాం. నోటికి అలవాటైపోయింది, నాకూ అప్పుడప్పుడు జారుతుంది, రాతలో మాత్రం రానివ్వను.

4. రూపం సరిచూసుకోండి

పని దుర్మార్గం. చేసిన మగవాడు దుర్మార్గుడు, ఆడమనిషి దుర్మార్గురాలు. ‘దుర్మార్గిణి’ లేదు, టీవీ సీరియల్ డబ్బింగుల్లో వినిపించినా సరే. విశేషణంగా దుర్మార్గమైన పని, దుర్మార్గపు బుద్ధి, రెండూ నడుస్తాయి, రెండోదానిలో తిట్టు పాలు కాస్త ఎక్కువ. క్రియ కావాలంటే ‘దుర్మార్గం చేశాడు’ చాలు. ‘ఒడిగట్టాడు’ ఉంది, ‘పాల్పడ్డాడు’ ఉంది, అవి పేపరు భాష, ఇంట్లో మాట్లాడేటప్పుడు వద్దు. రేట్లు దుర్మార్గంగా పెంచేశారు అనొచ్చు, పెంచినవాడు ఉన్నాడు కాబట్టి. ఎండ దుర్మార్గంగా ఉంది అని సరదాకి అంటారు, సూర్యుడికి వేరే దారి లేదు గనక సరదా వరకే.

5. ఎవరితో, ఏ గొంతుతో అంటున్నారో చూసుకోండి

మా అమ్మమ్మ దగ్గర ఈ మాటకి రెండు గొంతులు ఉండేవి. వేసవిలో ఆవకాయ జాడీకి వాసెన కట్టి అటకెక్కించేది, నేను మధ్యాహ్నం అందరూ పడుకున్నాక స్టూలు వేసుకుని ఎక్కి ముక్కలు తీసి తినేవాణ్ని. పట్టుబడినప్పుడు "ఓరి దుర్మార్గుడా! తడి చెయ్యి పెట్టావా?" అనేది, ‘గు’ దగ్గర సాగదీసి, నవ్వు ఆపుకుంటూ. అదే అమ్మమ్మ, ఆస్తి పంచేటప్పుడు మోసం చేసిన మరిది గురించి ఎవరన్నా ఎత్తితే, గొంతు తగ్గించి, సాగదీయకుండా, "దుర్మార్గుడు" అని ఒక్క ముక్కతో ఆపేసేది. ఆ తర్వాత ఇంక ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

రాతలో ఈ గొంతు ఉండదు, అదీ చిక్కు. ముద్దుగా అంటున్నారంటే ముందు ‘ఓరి’ గానీ ‘ఓసి’ గానీ పెట్టండి, వెనక ‘-డా’, ‘-రాలా’ సంబోధన పెట్టండి, చేసిన చిన్న తప్పు కూడా పక్కనే చెప్పండి. ‘ఓరి దుర్మార్గుడా, బిర్యానీ మొత్తం లాగించేశావా’ అంటే ఎవరికీ కోపం రాదు. ఉత్త ‘నువ్వు దుర్మార్గుడివి’ అని మెసేజ్ పెడితే మాత్రం అవతలివాడు రాత్రి నిద్రపోడు. ముద్దుగా అనేది మీకంటే చిన్నవాళ్లతోనో, ఈడువాళ్లతోనో మాత్రమే. బాబాయినో అత్తగారినో సరదాకి కూడా అనకండి. పెద్దవాళ్లు నిజంగానే దుర్మార్గం చేస్తే ‘మీరు చేసింది దుర్మార్గం’ అనండి, ‘మీరు దుర్మార్గులు’ అనకుండా. పనిని అంటే రేపు మాట్లాడుకోవడానికి ఇంకా చోటుంటుంది.

తెలంగాణలో ఈ పనులు చాలావరకు బద్మాష్ అనే మాట చేసి పెడుతుంది. విప్పి చూస్తే తమాషాగా ఉంటుంది, బద్ అంటే పారశీలో చెడ్డ, మఆష్ అంటే అరబ్బీలో బతుకుదెరువు. చెడ్డ బతుకు బతికేవాడు. మనం చెడ్డ నడక అన్నాం, వాళ్లు చెడ్డ బతుకు అన్నారు. ‘బద్మాష్ పోరడు’ అంటే ముద్దు, ‘వాడు బద్మాష్ గాడు’ అంటే దూరంగా ఉండమని. అక్కడ కూడా పని చేసేది గొంతే.

ఒక మాట ఇప్పుడు మన కళ్లముందే అర్థం మార్చుకుంటోంది, గమనించారో లేదో. అరాచకం. రాజు లేని స్థితి అని అర్థం. ఇప్పటి కుర్రాళ్లు బ్యాటింగ్ బాగుంటే ‘అరాచకం భయ్యా’ అంటున్నారు. దుర్మార్గానికి ఆ గతి ఇంకా పట్టలేదు.

6. కాగితం మీద అయితే ఆ మాట తీసేయండి

వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఫిర్యాదులో దుర్మార్గుడు అనే మాట ఎన్నిసార్లు రాస్తే ఫిర్యాదు అంత బలహీనపడుతుంది. మా పెద్దనాన్న పొలం గట్టు తగాదాలో రాసుకెళ్లిన అర్జీ నా దగ్గర ఇంకా ఉంది. ‘సదరు వ్యక్తి పరమ దుర్మార్గుడు, దుష్టుడు, ఊరందరికీ తెలిసిన దౌర్భాగ్యుడు’ అని ఒక పేజీ. స్టేషన్‌లో తీసుకున్నాయన చదివి, "అది సరే పెద్దాయనా, ఏం చేశాడు?" అన్నాడు. ఆ పేజీలో అది తప్ప అన్నీ ఉన్నాయి. (దౌర్భాగ్యుడు అంటే అదృష్టం లేనివాడు, అలా చూస్తే ఆ మాట ఆ రోజు పెద్దనాన్నకే సరిపోయింది.)

రాత్రి కూర్చుని తిరగరాశాం. ఏ తేదీన, పొద్దున్న ఎన్నింటికి, ఎవరి ట్రాక్టరు, గట్టు ఎన్ని మూరలు లోపలికి దున్నారు, గట్టు మీది రెండు వేపచెట్లు ఎవరు కొట్టారు, అడ్డం వెళ్తే ఏమన్నారు, ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, చూసినవాళ్ల పేర్లు. విశేషణం ఒక్కటే మిగిల్చాం, ‘దౌర్జన్యంగా’, అది కూడా భుజం పట్టుకుని తోశాడు అనే వాక్యంలోనే, ఎందుకంటే అక్కడ చెయ్యి పడింది. మీరూ అలాగే చేయండి. దుర్మార్గం అని మీరు అనకూడదు, చదివినాయన అనుకోవాలి.

ఇంకో కారణం కూడా ఉంది. ఒక మనిషి పేరు పెట్టి, నలుగురు చూసేచోట, రుజువు లేకుండా నింద రాస్తే అది పరువు నష్టం కిందకి రావచ్చు, భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. వాట్సాప్ గ్రూపు కూడా నలుగురు చూసే చోటే.

7. డౌటొస్తే నిఘంటువు తెరవండి

ఆంధ్రభారతి సైట్‌లో మాట కొడితే బ్రౌన్ దగ్గర నుంచి శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర దాకా చాలా నిఘంటువుల అర్థాలు ఒకేచోట కనిపిస్తాయి. వెతికేటప్పుడు దుర్మార్గం అని కాకుండా దుర్మార్గము అని కొట్టండి, పాత నిఘంటువుల్లో ‘ము’తోనే ఉంటుంది. పాత అచ్చు పుస్తకాలు చదివేవాళ్లకి ఇంకో మాట: అందులో రకారపు పొల్లుని వలపలగిలకగా, తెలుగు తొమ్మిది అంకెలా ఉండే గుర్తుగా, తర్వాతి అక్షరం పక్కన వేసేవాళ్లు. దుర్మార్గంలో అవి రెండు ఉంటాయి, మొదటిసారి చూస్తే మధ్యలో అంకెలెందుకొచ్చాయా అనిపిస్తుంది.

8. తప్పుగా అనేస్తే వెనక్కి తీసుకోవడం

అన్నచోటే వెనక్కి తీసుకోవాలి. గ్రూపులో అని, విడిగా మెసేజ్ పెట్టి సారీ చెప్తే కుదరదు. ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే’ అని రాయకండి, నొచ్చుకున్నదెవరో అందరికీ తెలుసు. పాత మెసేజ్ డిలీట్ చేయకండి, అప్పటికే స్క్రీన్‌షాట్ తీసి ఉంటారు. నేను పెట్టింది ఇది: "పొద్దున్న నేను దుర్మార్గం అన్న మాట తప్పు. మోటారు కాలిపోయిందని తెలుసుకోకుండా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సెక్రటరీ గారూ, క్షమించండి."

బొటనవేళ్లు ఈసారి నాలుగే వచ్చాయి. పన్నెండింటికి నీళ్లొచ్చాయి. సాయంత్రం లిఫ్ట్‌లో ఇద్దరమే ఎదురుపడ్డాం, ఆయన చేతిలో వైండింగ్ షాపు బిల్లు ఉంది. మూడో ఫ్లోర్ దాకా ఏమీ మాట్లాడలేదు. తలుపు తెరుచుకున్నాక వెనక్కి తిరిగి, "మెయింటెనెన్స్ ఈ నెలది ఇంకా రాలేదండీ మీది" అన్నాడు.